పల్లె ఆరోగ్య సేవకుల చదువు: టీవీ పెట్టె నుండి చేతి ఫోను దాకా

దవాఖాన దూరంగా ఉన్న ఊళ్ళో జబ్బు మనిషి గుమ్మంలోకి మొదట వచ్చేది డాక్టరు కాదు. ఒకప్పుడు మంత్రసాని, హకీం సాబు. ఇప్పుడు ఆశా కార్యకర్త. వీరికి చదువు ఏ దారిన చేరిందో సభ్యులకు క్లుప్తంగా చెప్పాలని మా ఉద్దేశం.

దూరం నుండి పాఠం పంపడం కొత్త సంగతి కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశంలో ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలను ఎన్నుకున్నారు. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. కల్వకుర్తి అప్పుడు ఆ జిల్లాలోనిదే. 2016లో నాగర్‌కర్నూల్ జిల్లాలో కలిసింది. ఊరి టీవీ ముందు సాయంత్రం జనం కూర్చునేవారు. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ గురించి తెలుగులో చూపేవారు. ఆ ఏడాదే వేలాది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సైన్సు శిక్షణ కూడా ఇదే దారిన ఇచ్చారు. మేము ఉపాధ్యాయులం గనుక ఈ మాట గర్వంగా చెప్పుకుంటాం. ఏడాది గడువు తీరగానే ఆ ఉపగ్రహ ప్రసారం ఆగింది.

తర్వాత 1977 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకం తెచ్చింది. వెయ్యి జనాభాకు ఒకరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూడు నెలల శిక్షణ, ఆ కాలంలో నెలకు 200 రూపాయల భత్యం, తరువాత నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. అయితే ఎన్నికైన వారిలో మగవారే ఎక్కువ. కాన్పు సంగతి, పసిపిల్ల పాల సంగతి మన ఇళ్ళ ఆడవారు మగవారితో ఎట్లా చెబుతారు?

ఆ లోటు 2005లో కొంత తీరింది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద అదే ఊరి స్త్రీని ఆశాగా ఎన్నుకోవాలన్నారు. మొదట్లో ఎనిమిదో తరగతి చదివితే చాలన్నారు. తొలి ఏడాది శిక్షణ 23 రోజులు, అదీ ఐదు విడతలుగా.

2020లో కరోనా వచ్చింది. పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టే వీలు లేదు. ఆ ఏప్రిల్‌లో కేంద్రం ‘దీక్ష’ వేదిక మీద ఆరోగ్య సిబ్బందికి, స్వచ్ఛంద సేవకులకు ఆన్‌లైన్ పాఠాలు పెట్టింది. శిక్షణ చేతి ఫోనులోకి వచ్చింది. 2021లో మన రాష్ట్రంలో ఇంటింటి జ్వర సర్వే చేసిన వారిలో ఆశాలు ముందున్నారు.

ఆ రోజుల్లో మా మొహల్లా ఆశా ఒకామె మా అరుగు మీదికి వచ్చింది. ఉర్దూ మీడియంలో చదివిన మనిషి. తెలుగు బాగా మాట్లాడుతుంది గాని చదవడానికి తడుముకుంటుంది. ఫోను కొడుకుది, వాడు ఇంటికొస్తేనే పాఠం. “సార్, జర చదివి చెప్పండి, రేపు ఇళ్ళకు పోవాలె” అన్నది. మేము చదివాం, ఆమె ఉర్దూలో రాసుకున్నది. మరునాడు ఆ కాగితం పట్టుకొనే ఇల్లిల్లూ తిరిగింది. ఆనాడు మాకు అర్థమైంది: పాఠం ఆకాశం నుండి దిగినా, పక్కన కూర్చొని విప్పి చెప్పే మనిషి లేకపోతే అది గడప దాటదు.

2017లో ఉర్దూ మన రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది. ఆ హక్కు ఆరోగ్య పాఠాల్లోనూ కనబడాలని మనం అడగాలి. అడుగుతూనే మన వంతు మనం చేయాలి. సంఘం గదిలో వారానికి ఒక సాయంత్రం, ఒక మంచి ఫోను, చదివి చెప్పే ఒకరు ఉంటే చాలు. అన్నిటికంటే ముందు మన ఆడపిల్లల బడి ఏడు, ఎనిమిదితో ఆపవద్దు. రేపు మన గుమ్మంలోకి వచ్చే ఆశా ఆ పిల్లల్లోనే ఉన్నది. ఇదే మా మనవి.