మా ఇంటి నడక

మా తాత నోటుబుక్కులో రాసిపెట్టిన వంశవృక్షం గురించి ఇదివరకే రాశాను. ఈసారి అందులో లేని పేర్ల గురించి రాస్తున్నాను. దీనికి కారణం మా అబ్బాయి కాళ్లు.

వాడికి ఏడేళ్లప్పుడు మొదలైంది. చదును నేల మీద కూడా తట్టుకుని పడేవాడు. చీలమండ మాటిమాటికీ బెణికేది. కాలిచెప్పు ఎక్కడ జారిపోయిందో వాడికే తెలిసేది కాదు. "చూసి నడవరా" అని మేమే కసురుకునేవాళ్లం. కోవిల్‌పట్టి దగ్గర మా ఊళ్లో గృహప్రవేశానికి పోయినప్పుడు, తిన్నె మీద కూర్చున్న చిన్నవ్వ వాణ్ణి చూసి, "ఒరే, వీడు మోకాలు ఎత్తెత్తి వేస్తా ఉండేది చూస్తివా? అచ్చం మా మామ నడకే" అనింది.

ఆమె మామ అంటే మా ముత్తాత. మోట తోలుతూ బావిగట్టున జారిపడితే కాళ్లు చెడ్డాయని ఇంట్లో కథ.

నరాల డాక్టరు పిల్లాణ్ణి చూసి, తర్వాత మా ఇద్దర్నీ చెప్పులు విప్పమన్నాడు. నా పాదాలు మధ్యలో విల్లులా లేచి ఉంటాయి, వేళ్లు వంకర. అవి మా ఇంటి పాదాలనే అనుకుంటూ వచ్చాను. మడమల మీద నడవమంటే నా భార్య నడిచింది. నేనూ వాడూ నడవలేకపోయాం. చిన్న కరెంటు పెట్టి నరాల వేగం కొలిచారు, తర్వాత రక్తంతో జన్యుపరీక్ష. జబ్బు పేరు షార్కో-మరీ-టూత్.

ఆ టూత్ పన్ను కాదు, మనిషి పేరు. 1886లో పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రి వైద్యులు షార్కో, పియెర్ మరీ అయిదుగురు రోగుల గురించి రాశారు. పాదాల్లో, పిక్కల్లో మొదలై తర్వాత చేతులకు వచ్చే ఈ కండరాల క్షీణత తరచుగా కుటుంబాల్లో నడుస్తుందని వ్యాసం శీర్షికలోనే పెట్టారు. లోపం వెన్నుపాములో ఉందేమోనని వాళ్లు అనుకున్నారు. అదే ఏడు ఇంగ్లండులో హోవర్డ్ టూత్, లోపం కాళ్లకూ చేతులకూ పోయే నరాల్లో ఉందని చెప్పాడు. ఆయన మాటే నిలిచింది. 1991లో అమెరికాలో, బెల్జియంలో రెండు బృందాలు, ఎక్కువమందిలో కనిపించే రకానికి కారణం 17వ క్రోమోజోములో ఒక ముక్క రెండుసార్లు ఉండటమేనని కనిపెట్టాయి. పాత గ్రంథానికి ప్రతి రాసేవాడు పొరపాటున ఒక పుట రెండుసార్లు రాసినట్టు. ఆ పుటలో ఉన్నది నరం చుట్టూ ఉండే తొడుగుకు పనికొచ్చే జన్యువు, పీఎంపీ22. అది ఎక్కువైతే తొడుగు సరిగా నిలవదు, కబురు నెమ్మదిగా పోతుంది. నరాల్లో అన్నిటికన్నా పొడవైనవి పాదాలకు పోయేవి కాబట్టి ముందు దెబ్బ తినేది పాదాలే.

మాది ఆ రకమే. తల్లికి గాని తండ్రికి గాని ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. ఆడా మగా తేడా లేదు. ఒకే ఇంట్లో ఒకరికి తెలిసీ తెలియనట్టు, ఒకరికి బాగా కనిపించేట్టు రావచ్చు.

ఇంటికొచ్చి తాత నోటుబుక్కు తీశాను. అందులో అందరూ మగవాళ్లే. ముత్తాత తర్వాత తాత, తాత తర్వాత నాయన. వాళ్లిద్దరి నడకలో ఏ తేడా లేదు. మరి నాకెట్లా వచ్చింది? "మీ అమ్మ పుట్టింటి నుంచి తెచ్చిన కాళ్లు" అని చుట్టాలు అనేవాళ్లు. అమ్మ పిక్కలు సన్నం, చెప్పు నిలవదు. పెళ్లయిన నాటినుంచీ ఆ మాట పడింది.

చిన్నవ్వనడిగి ఆడపిల్లల పేర్లు చేర్చాను. ముత్తాతకు ఒక కూతురు ఉండేది. ఆమెకు కాళ్లు పట్టు తప్పితే కాన్పు వాతమన్నారట. ఆమె కూతుర్నే మేనరికమని మా నాయనకు చేసుకొచ్చారు. ఆమే మా అమ్మ. అంటే ఈ నడక మా ఇంటినుంచే బయటికి పోయి, మళ్లీ మా ఇంటికే కోడలిగా వచ్చింది. ఆ మేనత్త కొడుకొకడు చిన్నప్పటినుంచి కుంటితే పోలియో అన్నారు. ఆ రోజుల్లో పోలియో ప్రతి ఊళ్లోనూ కనిపించేది. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011లో. కానీ పోలియో జ్వరంతో ఉన్నట్టుండి వస్తుంది, తరచుగా ఒక కాలిని ఎక్కువ పట్టుకుంటుంది. ఇది రెండు కాళ్లకూ ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. బావిగట్టు, కాన్పు, పోలియో: ఒకే జబ్బుకు మూడు కథలు.

అమ్మకు ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంతకూ మా తాత కాళ్లా ఇవి" అనింది.

మా రకానికి మేనరికం కారణం కాదు. అయితే తల్లిదండ్రులిద్దరి దగ్గరా లోపమున్న జన్యువు ఉంటేనే వచ్చే రకాలు కూడా ఉన్నాయి. వాటికి దగ్గరి సంబంధాలు దారి ఇస్తాయి. మన ఇళ్లలో ఇది తెలుసుకోవాలి.

దీన్ని నయం చేసే మందు ఇంకా లేదు. కానీ సాధారణంగా ఆయుష్షు తగ్గదు, తెలివికి లోటు లేదు. మా వాడు చీలమండకు పట్టీ వేసుకుంటాడు, రోజూ పిక్కలు సాగదీస్తాడు, ఈత కొడతాడు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందే ఈ జబ్బు పేరు చెబుతాం, ఎందుకంటే విన్‌క్రిస్టిన్ అనే కేన్సరు మందు ఇలాంటి నరాలను బాగా దెబ్బతీస్తుంది.

"పెళ్లి కావలసిన పిల్లలున్నారు, ఇవన్నీ రాయొద్దు" అని ఒక పెద్దమనిషి కోప్పడ్డాడు. ఆ భయం నాకూ అర్థమవుతుంది. అందుకే ఎవరికుందో ఇక్కడ పేరుపెట్టి రాయలేదు. అది వేరే పుస్తకంలో ఉంది, ఇంట్లోవాళ్లు ఎవరడిగినా చూపిస్తాను. వంశవృక్షంలో మాత్రం ఆడపిల్లలందరి పేర్లూ చేర్చాను. మీ దగ్గర అట్లాంటి నోటుబుక్కు ఉంటే, మీ అవ్వలు ఉండగానే అడగండి: ఏ ఆడపిల్లను ఏ ఊరికిచ్చారు, ఆమె ఎట్లా నడిచేది?