ఫైట్ నైట్ రౌండ్ 4

ఫైట్ నైట్ రౌండ్ 4 బాక్సింగ్ వీడియో గేమ్. ఈఏ స్పోర్ట్స్ సంస్థ దీన్ని 2009 జూన్‌లో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 కన్సోళ్ల కోసం విడుదల చేసింది. 2006లో వచ్చిన ఫైట్ నైట్ రౌండ్ 3కి ఇది కొనసాగింపు. దెబ్బ తగిలే తీరును భౌతిక సూత్రాల ప్రకారం లెక్కగట్టడం ఇందులోని ప్రధానమైన మార్పు. రింగ్ లోపలి పోరులో ఇది పాత ఆటను స్పష్టంగా మించింది. కంట్రోళ్లు, కెరీర్ విభాగం విషయంలో మాత్రం అభిప్రాయాలు చీలాయి.

నేపథ్యం

ఈఏ స్పోర్ట్స్ 1998 నుంచి నాకౌట్ కింగ్స్ పేరుతో బాక్సింగ్ ఆటలు తెచ్చింది. వాటి స్థానంలో 2004లో ఫైట్ నైట్ సిరీస్ మొదలైంది. కంట్రోలర్ కుడివైపు అనలాగ్ స్టిక్‌ను కదిపి పంచ్‌లు విసిరే 'టోటల్ పంచ్ కంట్రోల్' పద్ధతి ఆ మొదటి ఆటతోనే వచ్చింది. 2005లో రౌండ్ 2, మరుసటి ఏడాది రౌండ్ 3 వచ్చాయి. ఆ ఆటలను తయారుచేసిన ఈఏ షికాగో స్టూడియో 2007లో మూతపడటంతో రౌండ్ 4 బాధ్యత ఈఏ కెనడాకు వెళ్లింది. కొత్త బృందం పాత పునాదికి మెరుగులు దిద్దడంతో ఆగకుండా పోరాట వ్యవస్థను చాలావరకు కొత్తగా నిర్మించింది.

రౌండ్ 3 సాధించినది

ఎక్స్‌బాక్స్ 360 తొలి రోజుల్లో ఆ కన్సోల్ సత్తాను చూపించిన ఆటల్లో రౌండ్ 3 ఒకటి. చెమట, వాచిన కళ్లు, దెబ్బకు వంకరపోయే దవడ అప్పటికి కొత్త అనుభవం. శక్తిని చూపే గీతలు తెర మీద లేకుండానే, బాక్సర్ ముఖాన్నీ నిలబడిన తీరునూ చూసి అతని పరిస్థితిని గ్రహించేలా దాన్ని రూపొందించారు. ఒక్క దెబ్బతో పోరు గతిని మార్చగల ప్రత్యేక పంచ్‌లు కూడా ఉండేవి. అయితే ఎదుటివారి పంచ్‌ను పక్కకు తోసి వెంటనే తిరిగి కొట్టే 'ప్యారీ' ఎత్తుగడ మితిమీరి పనిచేసేది. దాని మీద పట్టు సాధించిన ఆటగాడికి మిగతా నైపుణ్యాలతో పెద్దగా అవసరం ఉండేది కాదు.

దెబ్బ లెక్క

రౌండ్ 4లో పిడికిలి ఎక్కడ, ఎంత వేగంతో, ఎంత దూరం నుంచి తాకిందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఒకే హుక్ గడ్డానికి నిండుగా తగలవచ్చు, భుజాన్ని రాసుకుంటూ పోవచ్చు, గ్లవ్ మీద పడి బలం కోల్పోవచ్చు. సెకనుకు 60 ఫ్రేములతో నడవడం వల్ల కదలికలు చురుగ్గా ఉంటాయి.

దీంతో బాక్సర్ల శరీర నిర్మాణానికి ఆటలో విలువ పెరిగింది. ముఖచిత్రం మీద కనిపించే ముహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఇందుకు మంచి ఉదాహరణ. అలీ 1981లో చివరి పోరు ఆడగా, టైసన్ 1985లో ప్రొఫెషనల్‌గా మారాడు. అందువల్ల నిజ జీవితంలో వీరిద్దరూ తలపడే అవకాశమే రాలేదు. అలీ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, బారచాపు 78 అంగుళాలు. టైసన్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బారచాపు 71 అంగుళాలు. కాబట్టి అలీని ఎంచుకున్నవారు దూరం పాటిస్తూ జాబ్‌లతో ప్రత్యర్థిని ఆపాలి. టైసన్‌ను ఎంచుకున్నవారు తల ఊపుతూ జాబ్‌లను తప్పించుకుని లోపలికి చొరబడి హుక్‌లు, అప్పర్‌కట్‌లు విసరాలి. బాక్సర్ మారితే ఆడే పద్ధతి కూడా మార్చుకోక తప్పదు.

ఎదురుదాడికి కూడా సమయస్ఫూర్తి కావాలి. వచ్చే పంచ్‌ను సరైన క్షణంలో అడ్డుకున్నా, తప్పించుకున్నా కొద్దిసేపు మాత్రమే తిరిగి కొట్టే వీలు దొరుకుతుంది. ఆ వ్యవధిలో తగిలిన దెబ్బకు బలం ఎక్కువ.

కార్నర్, లెగసీ మోడ్

రౌండ్ల మధ్య విరామంలో గాయాలకు చేతులతో చికిత్స చేసే పాత చిన్న ఆటను తీసేశారు. దాని బదులు, రౌండులో బాగా ఆడి సంపాదించిన పాయింట్లను శక్తి, దమ్ము, గాయాల మధ్య పంచుకోవాలి. ఇది త్వరగా ముగుస్తుంది, ఆలోచనకు కూడా పని పెడుతుంది. కానీ పాత పద్ధతిలోని ఉత్కంఠ ఇందులో తగ్గింది.

కెరీర్ విభాగానికి లెగసీ మోడ్ అని పేరు. అనామక బాక్సర్‌గా మొదలై చరిత్రలోనే గొప్పవాడిగా ఎదగడం ఇందులో లక్ష్యం. క్యాలెండర్ చూసుకుని పోరులు, శిక్షణ ఖరారు చేసుకోవాలి. మెనూల మధ్య గడిపే సమయం ఎక్కువనీ, శిక్షణ ఆటలు కష్టమనీ విమర్శలు వచ్చాయి.

కంట్రోళ్ల వివాదం

విడుదల నాటికి పంచ్‌లన్నీ అనలాగ్ స్టిక్‌తోనే విసరాల్సి వచ్చింది. రౌండ్ 3లో బటన్లు నొక్కి ఆడటానికి అలవాటుపడినవారు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. స్టిక్ వల్ల పంచ్ దిశ మీద పట్టు దొరుకుతుందన్నది రూపకర్తల ఉద్దేశం. అయితే కొత్తవారికీ, బటన్లకు అలవాటుపడ్డవారికీ అది అడ్డంకిగా మారింది. చివరకు ఆటకు తెచ్చిన అప్‌డేట్ ద్వారా బటన్ల సదుపాయాన్ని తిరిగి కల్పించారు.

ఆదరణ, ప్రభావం

విమర్శకులు రౌండ్ 4ను మెచ్చుకున్నారు. దూరం, సమయం, శరీర నిర్మాణం ఫలితాన్ని నిర్ణయించడాన్ని ముఖ్యంగా ప్రశంసించారు. రౌండ్ 3 చూపులకు విస్మయం కలిగించగా, రౌండ్ 4 ఆడేకొద్దీ లోతు చూపింది. 2011లో వచ్చిన ఫైట్ నైట్ ఛాంపియన్ ఈ పోరాట వ్యవస్థనే ఆధారం చేసుకుంది. అందులో స్టిక్ కదలికలను సులభం చేసి, ఆండ్రే బిషప్ అనే కల్పిత బాక్సర్ కథను చేర్చారు. రౌండ్ 4లో ఫిర్యాదులకు గురైన కంట్రోళ్లు, కెరీర్ విభాగం ఆ ఆటలో మార్పులు పొందాయి.