సుల్తాన్ బజార్‌లో అమ్మ చోటు

కాలేజీలో చదువుకునే రోజుల్లో "మీ అమ్మ ఎక్కడ పని చేస్తుంది?" అని ఎవరైనా అడిగితే "సుల్తాన్ బజార్‌లో" అని చెప్పేదాన్ని. "దుకాణమా?" అంటే అవుననేదాన్ని. అది పూర్తి నిజం కాదు. మా అమ్మకి దుకాణం లేదు. ఒక మ్యాచింగ్ సెంటర్ మెట్ల పక్కన మూడడుగుల అరుగు ఉండేది. దానిమీద ఒక కుట్టుమిషను, ఒక స్టూలు, గోడకి కొట్టిన మేకుకు వేలాడే సంచీ. 1984లో నాన్న పోయిన ఏడాది అక్కడ కూర్చున్న మనిషి, మెట్రో వంతెన కోసం ఆ దుకాణం ముందుభాగం కొట్టేసేదాకా ముప్ఫై ఏళ్లకు పైగా ఆ అరుగుమీదే చీరలకు ఫాల్ కుట్టింది. నా ఫీజులు, తమ్ముడి చదువు, ఇంటి అద్దె అన్నీ ఆ మూడడుగుల చోటులోంచే వచ్చాయి.

నేను చరిత్ర పాఠం చెప్పి బతికేదాన్ని. సుల్తాన్ బజార్ చరిత్ర రాయమంటే ఇన్నేళ్లూ నేను కూడా అందరిలాగే రాసేదాన్ని. అందులో రెసిడెంటు ఉంటాడు, నిజాం ఉంటాడు, సాహుకార్లు ఉంటారు, గ్రంథాలయం పెట్టిన పెద్దలుంటారు. అమ్మ ఉండదు. ఎందుకుండదు అన్న ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురుకాలేదు. దుకాణాలు కొలవడానికి టేపు పట్టుకుని మనుషులు వచ్చిన రోజున ఎదురైంది.

ముందు అందరికీ తెలిసిన చరిత్ర చెప్పుకుందాం. పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్న కాలంలో, మూసీకి ఉత్తరపు ఒడ్డున బ్రిటిష్ రెసిడెన్సీ భవనం లేచింది. ఆ కోఠీ పేరే చుట్టుపక్కల ప్రాంతమంతటికీ స్థిరపడిపోయింది. రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజార్లు నిజాం నగరం పక్కనే ఉన్నా బ్రిటిష్ అధికార పరిధిలో ఉండేవి. ఆ రక్షణ చూసుకునే మార్వాడీ, గుజరాతీ వ్యాపారులు, వడ్డీ వ్యాపారులు ఇక్కడ స్థిరపడ్డారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో తిరుగుబాటుదారులు రెసిడెన్సీ మీద దాడి చేసింది ఈ బజారువైపు నుంచే. 1865లో గడియార స్తంభం వచ్చింది. 1933లో ఈ రెసిడెన్సీ బజార్లను తిరిగి నిజాంకు అప్పగించారు. సుల్తాన్ బజార్ అన్న పేరు అప్పటిది.

ఈ కథలో స్త్రీలు లేరా? ఉన్నారు, కానీ గోడల వెనక ఉన్నారు. కిర్క్‌పాట్రిక్ పెళ్లాడిన ఖైరున్నిసా కోసం రెసిడెన్సీ ఆవరణలో రంగ్ మహల్ పేరుతో జనానా ఉండేది. పరదాలో ఉన్న ఆమె బయటికి వచ్చి పెద్ద భవనాన్ని చూడలేదు కాబట్టి దాని చిన్న నమూనా ఒకటి తోటలో కట్టించాడని చెప్పుకుంటారు. దీన్ని అందరూ ప్రేమకథగా చెబుతారు. నాకు మాత్రం, తన ఇంటిని నమూనాలో చూసుకోవాల్సి వచ్చిన మనిషి కనిపిస్తుంది.

ఇంకొక స్త్రీ సంగతి చూడండి. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు మొదలైనవారి పూనికతో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. నిజాం రాజ్యంలో తెలుగువాళ్ల మేలుకొలుపుకు అదొక మొదలని మనం పాఠాల్లో చెబుతాం. రంగారావు చనిపోయాక ఆ గ్రంథాలయ భవనానికి విరాళమిచ్చి నిలబెట్టినవారిలో ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఉన్నారు. స్థాపకుల పేర్లు చెప్పేటప్పుడు ఈ పేరు ఎంతమందికి నోటికొస్తుంది? దానమిచ్చిన స్త్రీ పేరే ఇంత వెనకబడితే, అరుగుమీద కుట్టుకునే స్త్రీ పేరు ఎక్కడుంటుంది?

ఇక బజారుకు ఆడవాళ్లు రావడం కూడా ఒక చరిత్రే. మా అమ్మమ్మ కాలంలో కాస్త కలిగినింటి ఆడవాళ్లు దుకాణం మెట్లెక్కేవాళ్లు కాదట. బట్టల మూటలవాళ్లే ఇళ్లకు వచ్చేవాళ్లు, లేకపోతే మగవాళ్లు తెచ్చింది కట్టుకునేవాళ్లు. తనకు నచ్చిన రంగు తానే ఎంచుకోవడమనేది ఆడదాని జీవితంలోకి అంత ఆలస్యంగా వచ్చింది. ఆ మార్పులో కోఠీ మహిళా కళాశాలకు పెద్ద వాటా ఉంది. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో రెసిడెన్సీ భవనంలోకి మారింది. రెసిడెంటు దర్బారు చేసిన మెట్లమీద ఆడపిల్లలు కూర్చుని టిఫిను డబ్బాలు విప్పుకున్నారు. గేటు దాటి రోడ్డెక్కితే పాతపుస్తకాల దుకాణాలు, బస్టాపు, చాట్ బండ్లు, గాజులు, రిబ్బన్లు. తండ్రో అన్నో వెంట లేకుండా బజారులో తిరగడం వేలమంది ఆడపిల్లలు అక్కడే నేర్చుకున్నారు. నేనూ అక్కడే నేర్చుకున్నాను. ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు మోస్తోంది.

మ్యాచింగ్ సెంటర్లు ఈ ఆడవాళ్ల రాకపోకల మీద పుట్టినవే. జాకెట్టు గుడ్డ, లంగా, ఫాల్, లేసు, హుక్కులు, అన్నీ ఆడవాళ్లే కొనాల్సిన సరుకు, ఆడవాళ్లకే తెలిసిన సరుకు. ఆ సరుకు చుట్టూ ఎంత పనితనముందో బయటివాళ్లకు తెలియదు. ఫాల్ గుడ్డను ముందు నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే అది ముడుచుకుని చీర కుచ్చిళ్లను లాగేస్తుంది. కింది అంచు మిషనుమీద, పై అంచు చేత్తో. పైకి కుట్టు కనపడకూడదు. అన్నిటికంటే కష్టం రంగు కలపడం. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో కలవదు. అందుకే కొనేవాళ్లు చీర కొంగు, ఫాల్ ముక్క పట్టుకుని రోడ్డుమీదకొచ్చి వెలుతురులో చూసుకునేవాళ్లు. అమ్మ అరుగు సరిగ్గా ఆ వెలుతురులో ఉండేది. "ఇది కాదు బిడ్డా, ఒక్క పిసరు ఎరుపు తగ్గాలె" అని వాళ్లను మళ్లీ లోపలికి పంపేది. దుకాణానికి ఆ మాట ఎంత లాభమో సేటుకి తెలుసు. అందుకే అరుగు ఇచ్చాడు.

అద్దె తీసుకునేవాడు కాదు. అది ఆయన మంచితనమని అమ్మ చివరిదాకా చెప్పింది. కానీ సేటు ఇంట్లో ఆడవాళ్లందరి చీరలకూ అమ్మ ఊరికే ఫాల్ కుట్టేది. పండగలొస్తే ఇరవై, ముప్ఫై చీరలు. పెళ్లిళ్లొస్తే లెక్కే లేదు. అది అద్దె కాక మరేమిటి? రసీదు లేని అద్దె. శ్రమగా కట్టిన అద్దె. ఇద్దరి మధ్యా అది "ఇంటిమనిషి చేసే సాయం"గా చెలామణి అయింది. ఇంట్లో ఆడదాని పనిని మాయం చేసే మాటే బజార్లో కూడా మాయం చేసింది.

ఇంకొక మాట కూడా రాయాలి. ఉదయం పదకొండు నుంచి రాత్రి ఎనిమిది దాకా కూర్చునే మనిషికి ఆ వీధిలో మూత్రానికి వెళ్లే చోటు లేదు. నాకు కాలేజీ ఉంది. అమ్మకు లేదు. బడీచౌడీ గల్లీలో తెలిసినవాళ్ల ఇంటికి రోజుకొకసారి వెళ్లొచ్చేది. అందుకోసం మధ్యాహ్నం దాకా నీళ్లు తాగేది కాదు. లోపల దుకాణాల్లో చేరిన అమ్మాయిల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్లకు కూర్చునే వీలు కూడా ఉండేది కాదు. కోళికోడ్ మిఠాయి తెరువులో బట్టల దుకాణాల స్త్రీలు ఈ రెండింటి కోసమే సంఘం పెట్టుకుని పోరాడారు. 2018లో కేరళ, 2021లో తమిళనాడు దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ చట్టాలు సవరించాయి. అమ్మకి ఈ సంగతి చెబితే నమ్మలేదు. "కూసునుడుకు గూడ కానూన్ కావాల్నా?" అంది.

2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం, కోఠీలోని గోకుల్ చాట్ దగ్గరా లుంబినీ పార్కులోనూ బాంబులు పేలి నలభైమందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి అమ్మ ఇల్లు చేరేదాకా మేం బతికి లేము. ఆ తర్వాత చాలా రోజులు ఆడపిల్లల్ని ఒంటరిగా కోఠీకి పంపడానికి ఇళ్లలో జంకారు. అమ్మ మాత్రం మూడోరోజుకే మిషను దగ్గర కూర్చుంది. ధైర్యమని కాదు. ఆ వారం ఇవ్వాల్సిన చీరలు సంచీలో ఉన్నాయి.

మెట్రో కథ మీకు తెలుసు. సుల్తాన్ బజార్ మీదుగా వంతెన వద్దని వ్యాపారులు ఏళ్ల తరబడి పోరాడారు. 2014లో కొత్త ప్రభుత్వం దారి మారుస్తామంది. చివరికి వంతెన ఈ వీధిలోంచే వెళ్లింది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్‌స్టేషను నుంచి ఇమ్లీబన్ దాకా రైలు నడిచింది. వ్యాపారుల బాధ అబద్ధమని నేననను. మూడు తరాలుగా పగిడీ మీద నడుపుకున్న మల్గీలో సగం పోతే ఎవరికైనా గుండె పగులుతుంది. కానీ ఆ పోరాటంలో కూడా, పత్రికల్లో కూడా, రెండే మాటలు వినిపించాయి: యజమాని, కిరాయిదారు. కొలతలకు వచ్చినవాళ్లు కూడా ఆ రెండే అడిగారు. అమ్మ లేచి నిలబడి మిషను పక్కకు జరిపి వాళ్లకు దారిచ్చింది. ఆమె కూర్చున్న మూడడుగులూ దుకాణం కొలతలో కలిసిపోయాయి.

నేను ఇంటికొచ్చి చట్టం తీశాను. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం, సొంత ఆస్తి లేకపోయినా, అంతకుముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ దానిమీదే ముఖ్యంగా బతుకుతున్న కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. వితంతువుల్ని, విడాకులు తీసుకున్నవాళ్లని, కుటుంబం వదిలేసిన స్త్రీలని విడి కుటుంబాలుగా లెక్కించమంటుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ వెండింగ్ కమిటీల్లో వ్యాపారుల ప్రతినిధులుండాలనీ, వాళ్లలో మూడోవంతు స్త్రీలు కావాలనీ అంటుంది. చదువుతుంటే అమ్మ కోసమే రాశారా అనిపించింది. కానీ అమ్మ వీధిలో లేదు, దుకాణంలోనూ లేదు, రెండిటి మధ్య అరుగుమీద ఉంది. మూడేళ్లు కాదు, ముప్ఫై ఏళ్లు ఉందని రుజువేది? "నా దగ్గరేం కాయితముంది బిడ్డా, మిషనొక్కటే ఉంది" అంది. సేటు తనకొచ్చిన దాంట్లోంచి కొంత చేతిలో పెట్టాడు. హక్కుగా రావాల్సింది దయగా వచ్చింది. అమ్మ దండం పెట్టి తీసుకుంది. నేను పక్కనే ఉండి ఏమీ అనలేకపోయాను. చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని, కాగితం విలువ తెలిసినదాన్ని, ముప్ఫై ఏళ్లలో ఒక్క కాగితం కూడా ఆమెకు పుట్టించలేదు. ఆ తప్పు నాది కూడా.

కాగితం ఉందని తర్వాత తెలిసింది. ఇల్లు మారుతుంటే అటకమీద రేకుపెట్టెలో పదకొండు నోటుబుక్కులు దొరికాయి. చీరలు తారుమారు కాకుండా అమ్మ రాసుకున్న లెక్కలు. తేదీ, పేరు, చీర రంగు, ఇచ్చే రోజు, పైసలు. పేర్లు కూడా పేర్ల లాగా లేవు: "బ్యాంకు టీచరమ్మ", "కాచిగూడ నర్సు", "కొత్త పెళ్లికూతురు", "కాలేజి లావుపిల్ల". రంగులు మాత్రం ఎంత నిక్కచ్చిగా ఉన్నాయో: నెమలికంఠం, ఉల్లిపొర, చిలకపచ్చ, వంకాయ, ఇటుకపొడి. కర్ఫ్యూలున్న రోజుల్లో పేజీలు ఖాళీ. నా పరీక్ష ఫీజు కట్టే నెలల్లో వరసలు చిక్కగా ఉన్నాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పుడు సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్లి వాళ్ల మాటే ఆధారమని నిలబెట్టింది. ఆ పుస్తకాన్ని ఏళ్లపాటు క్లాసులో చెప్పాను. మా అటక వైపు మాత్రం చూడలేదు.

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేదు. కోఠీ బస్టాపులో దిగే ఆడవాళ్లను చూస్తే బజారు మళ్లీ వాళ్ల చేతుల్లోనే ఉందనిపిస్తుంది. పైన రైలుకి టికెట్టు కొనాలి, కింద బస్సు ఉచితం. ఫాల్ కొనేవాళ్లు ఏది ఎక్కి వస్తారో చెప్పక్కర్లేదు. నిలిచిన దుకాణాలు నిలిచాయి, కొన్ని గల్లీల్లోకి వెళ్లాయి, కొన్ని మూతపడ్డాయి. ఎవరి సంగతి ఏమైందో దుకాణదారులను అడిగితే చెబుతారు. అరుగులమీద కూర్చున్న వాళ్లు ఎందరు, ఎక్కడికి వెళ్లారు అంటే "వాళ్లెవరమ్మా?" అంటారు.

అందుకే ఇప్పుడు వాళ్లను వెతుకుతున్నాను. జాబితా అమ్మే చెబుతోంది: గాజులామె, జడకుచ్చులామె, పాత చీరలకు రోల్‌ప్రెస్ చేయించి తెచ్చే ఆమె, హుక్కులు కుట్టే ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఇప్పటికి నలుగురు దొరికారు. మీ ఊళ్లో పెద్ద వీధి వెడల్పు చేసినప్పుడు, వంతెన వేసినప్పుడు ఇలాంటివాళ్లు ఎవరుండేవారో మీ అమ్మల్ని, అత్తల్ని అడిగి రాసిపెట్టండి. తేదీలు కూడా రాయండి. రేపు ఎవరైనా టేపు పట్టుకుని వస్తే చూపించడానికి పనికొస్తాయి.

మొన్న అమ్మను సుల్తాన్ బజార్‌కు తీసుకెళ్లాను. నా చీరకి ఫాల్ కావాలని అడిగింది. దుకాణపు కుర్రాడు ఇచ్చిన ముక్క పట్టుకుని అలవాటుగా మెట్లు దిగింది. తల పైకెత్తి చూసింది. వంతెన నీడ రోడ్డంతా పరుచుకుని ఉంది. ఏమీ అనకుండా చీర కొంగు, ఫాల్ ముక్క చేతబట్టుకుని, ఎండ పడే చోటు దొరికేదాకా బడీచౌడీ వైపు నడిచింది. నేను ఆమె వెనకే నడిచాను. అక్కడ రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "కలవలే, మార్చుకొద్దాం పా" అంది.