రక్తం లేకుండా క్షమాపణ లేదా? కొత్తరెడ్డిపాలెం యూదులు, కఫ్ఫారా, తౌబా



చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల మన యువకులకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. సువార్త చెప్పవచ్చిన సోదరుడు ఆదరంగానే అడుగుతాడు: "రక్తం చిందకుండా పాపక్షమాపణ లేదు గదా, మీ పాపాలకు బలి ఏది?" మనవాడు కోపగించుకుంటాడు, లేదా మౌనం వహిస్తాడు. రెండూ తగవు. ఆ ప్రశ్నకు ఆధారంగా చూపే తౌరాత్‌ను తరతరాలుగా పఠిస్తున్న యూదులు దానికి ఎన్నడో సమాధానం చెప్పారు. ఆ యూదులలో తెలుగు మాట్లాడేవారు కూడా ఉన్నారు.

కృష్ణ దాటి గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అనే గ్రామం ఉన్నది. అక్కడ కొన్ని మాదిగ కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయీమ్, అనగా ఎఫ్రాయీము సంతతి, అని చెప్పుకుంటాయి. 1991లో వారు ఒక సినగాగును నెలకొల్పుకున్నారు. ఈ ఉద్యమానికి ముందు నిలిచిన షముయేల్ యాకోబీ ఒకప్పుడు క్రైస్తవ బోధకుడే. తాము తప్పిపోయిన ఇస్రాయీల్ గోత్రాలలో ఒకటని వారి విశ్వాసం. దీనిని అంగీకరించేవారూ ఉన్నారు, సందేహించేవారూ ఉన్నారు. మనకు ఇక్కడ కావలసింది వంశవృక్షం కాదు. బాప్టిస్టు సంఘంలో పెరిగినవారు, ప్రాయశ్చిత్తానికి శిలువబలి తప్పదని విన్నవారు, యోమ్ కిప్పూర్ ఉపవాసానికి ఎలా చేరారన్నదే మన విషయం.

వారి పూర్వులు ఆ సంఘంలో చేరిన కాలాన్ని న్యాయంగా చూడాలి. అప్పటి కృష్ణా జిల్లా రాఘవాపురంలో మాల కులస్థుడైన పాగోలు వెంకయ్య 1859లోనే బాప్తిస్మం పొందాడు. ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు 1876-78 కరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని సంపాదించి వేలాదిమందికి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న వేలంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. గంజికోసం మతం మారారని మనవారు కొందరు తేలికగా అంటారు. అది సరికాదు. కరవు పనులు నడిచినంతకాలం క్లౌ బాప్తిస్మాలను నిలిపివేశాడు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులను ఎవరో పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ పని మన పెద్దలు ఎందుకు చేయలేదో కూడా అడుగుకోవలసి ఉన్నది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. సా.శ. 70లో రోమన్లు బైతుల్ మఖ్దిస్‌లోని ఆలయాన్ని ధ్వంసం చేశారు. బలిపీఠం పోయింది. రక్తమే ఏకైక మార్గమైతే ఆ రోజుతో యూదులకు క్షమాపణ ద్వారం మూసుకుపోవాలి. యోహానాన్ బెన్ జక్కాయ్ అనే పండితుడు, శిథిలాలను చూచి విలపిస్తున్న తన శిష్యునికి, దయగల కార్యాలు కూడా ప్రాయశ్చిత్తమేనని ధైర్యం చెప్పినట్లు యూద సంప్రదాయం తెలుపుతుంది. వారి వాదానికి ఆధారాలు వారి గ్రంథాలలోనే ఉన్నాయి. లేవీయకాండం ఐదవ అధ్యాయంలో పావురాలను కూడా తేలేని పేదవాడు పాపపరిహారానికి పిండి తెచ్చినా చాలును. యెహెజ్కేలు పద్ధెనిమిదవ అధ్యాయంలో తండ్రి దోషం కుమారుడు మోయడు. యోమ్ కిప్పూర్ మధ్యాహ్నం వారు చదివేది యోనా గ్రంథం. ఆయనే మన హజ్రత్ యూనుస్ (అలైహిస్సలాం). నీనెవె ప్రజలు ఏ బలీ అర్పించలేదు. ఉపవసించి, దుర్మార్గం విడిచి మరలారు, శిక్ష తొలగిపోయింది. దివ్యఖుర్ఆన్ సూరహ్ యూనుస్‌లో ఆ జాతిపై శిక్ష తొలగించబడిన విషయం మనమూ పఠిస్తాము.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. యూదులు బలిని తిరస్కరించారని చెప్పకూడదు. ఆలయం తిరిగి నిలవాలని నేటికీ వారు ప్రార్థిస్తారు. బలి ఒక మార్గమేగాని ఏకైక మార్గం కాదన్నదే వారి మాట. అలాగే క్రైస్తవులు పశ్చాత్తాపం అక్కరలేదంటారని చెప్పడమూ అన్యాయమే. పరుల మతాన్ని వక్రీకరించి గెలిచిన వాదం మనకు వద్దు. గ్రంథవహులతో ఉత్తమరీతిలోనే వాదించమని సూరహ్ అన్కబూత్ ఆదేశం. 1854లో ఆగ్రాలో ఫాండర్ పాదరీతో వాదించిన మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీ ముందుగా ఐరోపా పండితులు బైబిలుపై వ్రాసినదే చదివించుకొని వచ్చారు.

అరబీ నేర్చినవారికి ఇందులో మరొక రుచి ఉన్నది. హీబ్రూ కిప్పూర్, మన కఫ్ఫారా ఒకే ధాతువు నుండి వచ్చినవి. వారు తెషువా అంటారు, మనం తౌబా అంటాము. రెండింటి అర్థమూ మరలి రావడమే. స్పెయిన్ యూద పండితుడు బహ్యా ఇబ్న్ పఖూదా పదకొండవ శతాబ్దంలో హృదయ విధులపై అరబీలో వ్రాసిన గ్రంథంలో తౌబాకు ఒక ప్రత్యేక అధ్యాయమున్నది. మనకైతే ఒకరి భారం మరొకరు మోయరని సూరహ్ అన్ఆమ్ స్పష్టం చేసింది. ఖుర్బానీ పశువు మాంసం, రక్తం అల్లాహ్‌కు చేరవని, చేరేది తఖ్వాయేనని సూరహ్ హజ్ తెలిపింది.

అయితే బక్రీదుకు మేకను కోసి లెక్క తీరిందనుకునేవారు మనలో లేరా? యూదుల మిష్నా ఒక మాట చెబుతుంది: దేవునికీ మనిషికీ మధ్య తప్పులను యోమ్ కిప్పూర్ మాపుతుంది, మనిషికీ మనిషికీ మధ్య తప్పులను మాత్రం ఎదుటివాడిని సమాధానపరచేవరకు మాపదు. ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహి) చెప్పిందీ ఇదే. పాపం విడవాలి, పశ్చాత్తాపపడాలి, మరల చేయనని నిశ్చయించుకోవాలి. అది సాటి మనిషి హక్కైతే నాల్గవ షరతు, ఆ హక్కును తిరిగి ఇవ్వాలి. మిర్చి అమ్మిన డబ్బు చేతికి వచ్చినా కూలీకి బాకీ ఉంచినవాడు, అక్కచెల్లెళ్లకు వారసత్వపు వాటా ఇవ్వనివాడు మొదటి మూడు షరతులు ఎంత ఏడ్చి నెరవేర్చినా నాల్గవది అతని ఇంటి గుమ్మం దగ్గరే నిలిచి ఉంటుంది.