షాంఘైలో మొలిచిన బీమా వృక్షం

బీమా రంగంలో పనిచేసిన మనకు 1919 గుర్తుండే సంవత్సరం. ఆ ఏడాది జూలై 23న బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా న్యూ ఇండియా అష్యూరెన్స్ కంపెనీని నెలకొల్పారు. అదే ఏడాది డిసెంబరులో చైనాలోని షాంఘై రేవుపట్టణంలో మరో బీమా సంస్థ పుట్టింది. స్థాపించినవారు చైనీయులు కారు. కార్నీలియస్ వాండర్ స్టార్ అనే 27 ఏళ్ల అమెరికన్ యువకుడు. రెండు గదులు, ఇద్దరు గుమాస్తాలు - అదీ ఆఫీసు. పేరు అమెరికన్ ఏషియాటిక్ అండర్‌రైటర్స్. తర్వాతి కాలంలో ఏ.ఐ.జి. పేరుతో 130కి పైగా దేశాలకు విస్తరించిన సంస్థకు అదే విత్తనం. ఆ విత్తనం ఎలా మహావృక్షమైంది, అంత వృక్షమూ 2008లో ఎందుకు కూలబోయింది అన్నది మనబోటివారు తెలుసుకోదగ్గ కథ.

స్టార్ మొదట పెట్టింది సొంత కంపెనీ కాదు, ఏజెన్సీ మాత్రమే. అమెరికా కంపెనీల తరఫున షాంఘైలో అగ్ని, మెరైన్ పాలసీలు రాసేవారు. 1921లో ఏషియా లైఫ్ అనే జీవిత బీమా సంస్థను ప్రారంభించారు. అక్కడి విదేశీ కంపెనీల దృష్టి ఎక్కువగా తమవంటి విదేశీయుల మీదే ఉండేది. చైనీయుల ఆయుర్దాయం తక్కువని, క్లెయిములు మీద పడతాయని జంకు. స్టార్ లెక్క వేరు. వైద్యం, శుభ్రత పెరిగేకొద్దీ ఆయుర్దాయం పెరుగుతుంది, నేటి పాలసీదారు అనుకున్నదానికంటే ఎక్కువ కాలం ప్రీమియం కడతాడు అనుకున్నారు. స్థానికులనే ఏజెంట్లుగా, ఉద్యోగులుగా తీసుకున్నారు. ఊరివాడు చెబితేనే ఊరివాడు నమ్ముతాడన్నది మన ఫీల్డు సిబ్బందికి ఎవరూ నేర్పనక్కరలేని సూత్రం.

1926లో న్యూయార్క్‌లో కార్యాలయం తెరిచారు. 1931లో షాంఘైలో ఇంటర్నేషనల్ అష్యూరెన్స్ అనే మరో సంస్థ వెలసి, హాంకాంగ్, సింగపూర్‌లకు శాఖలు వేసింది. యుద్ధమేఘాలు కమ్ముకోవడంతో 1939లో స్టార్ తన ప్రధాన కార్యాలయాన్ని న్యూయార్క్‌కు తరలించారు. యుద్ధం ముగిశాక 1947లో ఫిలిప్పీన్స్‌లో ఫిలామ్‌లైఫ్ అనే కంపెనీ వచ్చింది. 1948లో ఇంటర్నేషనల్ అష్యూరెన్స్ పేరు అమెరికన్ ఇంటర్నేషనల్ అష్యూరెన్స్, అంటే ఏ.ఐ.ఏ. అయింది. మరుసటి ఏడాది చైనాలో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. పుట్టిన ఊరినే సంస్థ వదులుకోవలసి వచ్చింది. అయితే అప్పటికే ఊడలు వేరే నేలల్లో దిగి ఉన్నాయి. మొదలు పోయినా చెట్టు నిలబడింది.

ఆ ఊడలు దిగిన తీరు గమనించదగ్గది. ఏ దేశంలో వ్యాపారం చేస్తే ఆ దేశపు చట్టం కింద, ఆ దేశపు మనుషులతో చేయడం వీరి పద్ధతి. ఫిలామ్‌లైఫ్ మనీలా పక్కనున్న క్వెజాన్ సిటీలో పెద్ద ఇళ్ల కాలనీనే కట్టించింది. ప్రీమియం సొమ్ము ఇటుకలై కంటికి కనబడితే జనానికి కలిగే నమ్మకం వేరు. ఎల్.ఐ.సి. కాలనీలు చూసిన మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

1967లో ఈ సంస్థలన్నిటినీ ఒక గొడుగు కిందికి తెస్తూ అమెరికన్ ఇంటర్నేషనల్ గ్రూప్, అంటే ఏ.ఐ.జి. ఏర్పడింది. 1968లో స్టార్ కన్నుమూశారు. పగ్గాలు అందుకున్న మారిస్ గ్రీన్‌బర్గ్ 2005 వరకు సంస్థను నడిపి, లెక్కల వ్యవహారంపై విచారణల నడుమ పదవి వదిలారు. ఆయన హయాంలోనే 1992లో షాంఘైలో తిరిగి లైసెన్సు దొరికింది. 1998లో ఏ.ఐ.ఏ. అదే నదీతీరంలోని తన పాత భవనానికి మళ్లీ చేరింది. మన దేశంలో 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరుచుకోగా, 2001లో టాటా ఏ.ఐ.జి. వచ్చింది. టాటాలు పెట్టిన న్యూ ఇండియా 1973లో జాతీయమైంది. 28 ఏళ్ల తర్వాత అదే టాటాలు, న్యూ ఇండియాతో ఒకే ఏడాది పుట్టిన విదేశీ సంస్థను భాగస్వామిగా వెంటబెట్టుకొని బీమాలోకి తిరిగి వచ్చారు. చరిత్రలో ఇలాంటి విచిత్రాలు ఉంటాయి.

ఇక 2008. ఏ.ఐ.జి.కి ఫైనాన్షియల్ ప్రోడక్ట్స్ అనే చిన్న విభాగం ఉండేది. 1987లో మొదలైన ఆ విభాగంలో పనిచేసింది కొన్ని వందల మందే. వారు అమ్మిన సరుకు పేరు క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్. ఒకరిచ్చిన అప్పు మునిగిపోతే ఆ నష్టం మేము భరిస్తామని హామీ ఇచ్చి రుసుము పుచ్చుకోవడం. చూడడానికి బీమాయే. చట్టం దృష్టిలో మాత్రం కాదు. కనుక బీమా పాలసీకి కట్టినట్టు రిజర్వు కట్టలేదు. 2007 చివరికి ఆ హామీల మొత్తం 50,000 కోట్ల డాలర్లు దాటింది. ఊళ్లో వెయ్యి ఇళ్లకు అగ్ని బీమా ఇస్తే వెయ్యీ ఒకే రాత్రి తగలబడవు, ఆ ధైర్యం మీదే మన వృత్తి నిలిచింది. ఇంటి అప్పులు అలా కాదు. ధరలు పడిపోతే అన్నీ కలిసి కూలతాయి. అదే జరిగింది. అమెరికాలోని జీవిత బీమా శాఖల సెక్యూరిటీలను అరువిచ్చి, వచ్చిన సొమ్మును ఆ ఇంటి అప్పుల బాండ్లలోనే పెట్టడం మరో దెబ్బ. సెప్టెంబరు 16న అమెరికా కేంద్ర బ్యాంకు 8,500 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించి, బదులుగా కంపెనీలో 79.9 శాతం వాటా తీసుకుంది. మొత్తం సహాయం హామీలు 18,200 కోట్ల డాలర్ల దాకా వెళ్లాయి.

ఆ వారం సింగపూర్‌లో ఏ.ఐ.ఏ. కార్యాలయం ముందు వందలాది పాలసీదారులు బారులు తీరారు. పాలసీలు సరెండర్ చేసి, దొరికింది దక్కించుకుందామని వారి ఆత్రం. అక్కడి నియంత్రణ సంస్థ ముందుకు వచ్చి, పాలసీదారుల నిధులు విడిగా, చట్టం ప్రకారం భద్రంగా ఉన్నాయని, తొందరపడవద్దని చెప్పింది. ఆ మాట నిజమే అయింది. 2010 అక్టోబరులో ఏ.ఐ.ఏ. విడిపోయి హాంకాంగ్ స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. దాని షేర్ల అమ్మకంతో సుమారు 2,050 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆసియాలో పుట్టిన బిడ్డను అమ్మి అమెరికాలోని తల్లి అప్పు తీర్చుకుందన్నమాట. 2012 డిసెంబరు నాటికి ప్రభుత్వ సొమ్ము లాభంతో సహా తిరిగి వచ్చింది.

మిత్రులారా, ఈ కథలో యుద్ధం ఓడించలేని సంస్థను, విప్లవం ఓడించలేని సంస్థను, రిజర్వు లేని హామీ ఓడించింది. దాన్ని కాపాడిన ఆస్తుల్లో ముఖ్యమైనవి దేశదేశాల చట్టాలు తాళం వేసి ఉంచిన పాలసీదారుల నిధుల మీద నడుస్తున్న కంపెనీలే. ఆ చట్టాలను, ఆ రిటర్నులను, ఆ సాల్వెన్సీ లెక్కలను మనం సర్వీసులో ఉండగా ఎంత విసుక్కున్నామో! రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఔట్‌స్టాండింగ్ క్లెయిముల జాబితాలు రాసిన చేతులు మనవి. ఆ జాబితాల వెనుక ఉన్నది ఒక వితంతువుకో, కాలిపోయిన దుకాణదారుకో మనం ముందే పక్కన పెట్టిన సొమ్ము. ఆ పని చిన్నది కాదని 2008 ప్రపంచానికి చెప్పింది. మన మనవళ్లు ఎవరైనా బీమా ఉద్యోగంలో చేరితే, ఈ ఒక్క మాట వారికి చెప్పండి.