బార్కస్ మర్ఫా: సైనిక భేరి నుండి నికాహ్ చాటింపు వరకు

హైదరాబాదు పాతబస్తీ దక్షిణపు కొసన, చాంద్రాయణగుట్ట నుండి పహాడీ షరీఫ్‌కు పోయే దారిలో, బార్కస్ అనే పేట ఉన్నది. జామపండ్లకు పేరుపొందిన ఈ పేటలో పెండ్లి ఎవరింట జరుగుతున్నదో తెలుసుకోవడానికి శుభలేఖ చూడనక్కరలేదు. ఇషా నమాజు ముగిసిన తరువాత ఏదో ఒక గల్లీ మొగలో చిన్న మంట వేసి, దఫ్‌ల తోలును సెగకు కాచుకొంటున్న యువకులు కనిపిస్తారు. తోలు బిగిసేకొద్దీ నాదం పదునెక్కుతుంది. కొద్దిసేపటికి దఫ్‌లు, నడుముకు కట్టుకొని కర్రలతో కొట్టే చిన్న భేరీలు, వాటికి తోడుగా ఢోలు ఒక్కసారిగా మ్రోగనారంభిస్తాయి. పెద్దలు లుంగీలు సవరించుకొని వరుసలు కడతారు. కొందరి చేతుల్లో కర్రలు, కొందరి చేతుల్లో కత్తులు. ఈ వాద్యసమూహానికే హైదరాబాదులో మర్ఫా అని పేరు.

దీనిని వినోదమని కొందరు, దురాచారమని కొందరు, పూర్వుల గుర్తు అని కొందరు అంటారు. ఈ మూడు మాటల్లో ఏది ఎంతవరకు నిజమో తేల్చాలంటే ముందుగా మర్ఫా చరిత్రను, తరువాత షరీఅత్ దృష్టిని పరిశీలించవలసి ఉంటుంది.

బారకాసుల బస్తీ

బార్కస్ అనే మాట అరబీది కాదు, ఉర్దూది కాదు. సైనికుల నివాసాలను సూచించే ఇంగ్లీషు మాట జనం నోట నలిగి ఈ రూపం దాల్చింది. నిజాం ప్రభుత్వపు అరబ్ సిపాయిలు ఇక్కడ నివసించేవారు. వీరిలో అత్యధికులు దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చినవారు. వర్షాలు తక్కువ, సేద్యభూమి తక్కువ, తెగల మధ్య పోరు ఎక్కువ అయిన ఆ నేల నుండి యువకులు జీవనోపాధి వెదుక్కొంటూ జావాకు, తూర్పు ఆఫ్రికా తీరానికి, దక్కనుకు వలసపోవడం తరతరాలుగా సాగిన పద్ధతి. 19వ శతాబ్దంలో నిజాం రాజ్యంలోని నజ్మె జమీయత్ అనే అక్రమ సైన్యంలో, అంటే బ్రిటిషు పద్ధతి కవాతుకు లోబడని సైన్యంలో, అరబ్బులకు ప్రముఖ స్థానం లభించింది. దక్కనులో వీరిని చావూష్ అని పిలిచారు. ఇది తురుష్క సైన్యంలోని ఒక హోదా పేరు.

వీరి నాయకులైన జమాదారులు సామాన్యులు కారు. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ, గాలిబ్ బిన్ ముహ్సిన్ అల్ కసీరీ, అబ్దుల్లా బిన్ అలీ అల్ ఔలఖీ ముగ్గురూ హైదరాబాదు కొలువులో సంపాదించిన ధనంతో హద్రమౌత్ రాజకీయాలను శాసించిన జమాదారులే. ఖుఐతీ వంశీయులు 1867లో షిహ్ర్ రేవును, 1881లో ముకల్లా రేవును వశపరచుకొన్నారు. 1936 నుండి 1956 వరకు ముకల్లాలో సుల్తానుగా ఉన్న సాలిహ్ బిన్ గాలిబ్ చాలాకాలం హైదరాబాదులో నివసించినవాడు. దక్కను రూపాయి అరేబియా తీరంలో ఒక రాజ్యాన్ని నిలబెట్టింది. ఆ తీరపు భేరి దక్కనులో మ్రోగింది.

యెమెన్ దేశంలో మిర్ఫా అనే పేరుగల భేరి ఇప్పటికీ వాడుకలో ఉన్నది. ఒక తెగవారు మరొక తెగ ఇంటికి పెండ్లికో, తగవు పరిష్కారానికో పోయినప్పుడు వరుసకట్టి నడుస్తూ, తాము వచ్చిన పని తెలిపే చిన్న గేయాన్ని ముక్తకంఠంతో పాడతారు. దీనిని జామిల్ అంటారు. దొంగతనంగా రాలేదని, పగతో రాలేదని, బహిరంగంగా వచ్చామని చాటడం దాని ఉద్దేశం. హైదరాబాదులో ముహర్రం మాసపు అయిదవ రోజున జరిగే లంగర్ ఊరేగింపులో నిజాం సైన్యాలన్నీ నగర వీధుల్లో నడిచేవి. వాటిలో అరబ్ దళాలు పాటలతో, భేరీలతో, తుపాకుల మ్రోతలతో సాగేవి. జమాదారు బలం ఎంతటిదో వినేవారికి చెప్పడం ఆనాడు ఆ భేరి చేసిన పని.

ఈ వాద్యం అరబ్బులకు మాత్రమే పరిమితం కాలేదు. ఆఫ్రికా సంతతి సైనికులతో కూడిన ఆశ్విక దళం తొలుత వనపర్తి సంస్థానంలో ఉండి, తరువాత నిజాం కొలువుకు చేరింది. వారు నివసించిన పేట నేటికీ ఏ.సీ. గార్డ్స్ అనే పేరుతో ఉన్నది. ఆ సిద్దీలు కూడా మర్ఫా వాయించడంలో ప్రసిద్ధులు. ఎర్ర సముద్రానికి ఇరువైపుల నుండి వచ్చిన రెండు జాతులు మూసీ ఒడ్డున ఒకే వాద్యాన్ని పంచుకొన్నాయి.

భాష మారినా లయ మారలేదు

హద్రమౌత్ నుండి వచ్చినవారు చాలావరకు ఒంటరి పురుషులు. వారు ఇక్కడి స్త్రీలను వివాహమాడారు. అరబ్ తండ్రికి, స్థానికురాలైన తల్లికి పుట్టిన బిడ్డలను మువల్లద్‌లు అన్నారు. బిడ్డకు మొదటి భాష తల్లి భాషే గనుక రెండు మూడు తరాలలో ఇంటి మాట దక్కనీ ఉర్దూ అయినది. హద్రమౌత్ విద్వాంసుడు, కవి అయిన అబూబక్ర్ బిన్ షిహాబ్ హైదరాబాదులో స్థిరపడి 1922లో ఇక్కడే మరణించాడు. అటువంటి పండితుల అరబీ కవిత్వాన్ని ఆస్వాదించగలవారు క్రమంగా తగ్గిపోయారు. మదరసాలో ఖుర్ఆన్ పఠనం సాగినా, వీధిలో అరబీ సంభాషణ సన్నగిల్లింది.

అయితే లయకు వ్యాకరణం అక్కరలేదు. తండ్రి పక్కన నిలబడి దఫ్ మీద చేయి వేసిన బాలునికి మాట రాకపోయినా దెబ్బ వస్తుంది. ఇంటి పేర్లలో బిన్, బా అనే అక్షరాలు నిలిచినట్లే, వీధిలో మర్ఫా నిలిచింది. పెండ్లిలో, వలీమాలో, దూరదేశం పోయిన కొడుకు ఇల్లు చేరిన రోజున అది వినిపించడం పేట అలవాటుగా మారింది. మూడేసి దెబ్బల వరుస గల తీన్‌మార్ అనే గతి నగరమంతటా వ్యాపించి, నేడు మతభేదం లేకుండా తెలుగువారందరికీ తెలిసిన మాట అయినది. బార్కస్ ఎక్కడున్నదో తెలియనివారు కూడా ఆ దెబ్బకు అడుగు వేస్తారు.

1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన పోలీసు చర్యతో నిజాం పాలన అంతమయింది. దానితోపాటు అరబ్ దళాలు కూడా రద్దయినవి. కొందరు నిర్బంధింపబడ్డారు. కొందరు అరేబియాకు పంపివేయబడ్డారు. మిగిలినవారు జీతం, హోదా, ఆయుధం పోగొట్టుకొని చిల్లర వ్యాపారాలతో, కూలిపనులతో బ్రతుకు సాగించారు. 1967లో ముకల్లాలో ఖుఐతీ సుల్తానుల పాలన కూడా ముగియడంతో అటు ఆశ్రయం, ఇటు ఆశ్రయం లేకుండా పోయింది. ఆ గడ్డుకాలంలో సిపాయి వంశీయుల చేతిలో మిగిలిన సైనిక చిహ్నం ఒక్క భేరి మాత్రమే. కాని దానికి ఇక చాటవలసిన సైనిక బలం లేదు. అది పెండ్లిని చాటనారంభించింది.

షరీఅత్ దృష్టిలో దఫ్

ఈ మార్పు ధర్మశాస్త్ర దృష్టితో చూచినప్పుడు చాలా అర్థవంతమైనది. ఇమాం గజాలీ (మరణం 1111) తన ఇహ్యా ఉలూమిద్దీన్‌లో గానం ధర్మసమ్మతమయ్యే సందర్భాలను వరుసగా పేర్కొన్నాడు. యోధులను ఉత్సాహపరచే గానం వాటిలో ఒకటి. పండుగ, పెండ్లి, శిశుజననం, ప్రయాణికుని రాక వంటి సంతోష సమయాల గానం మరొకటి. మర్ఫా ఆ మొదటి కోవ నుండి ఈ రెండవ కోవకు మారింది.

పెండ్లిలో దఫ్ వాయించడానికి ఆధారం ఆచారం మాత్రమే కాదు, హదీసులు కూడా ఉన్నాయి. రుబయ్యి బిన్త్ ముఅవ్విజ్ (రజి) వివాహ సమయంలో బాలికలు దఫ్ వాయిస్తూ బద్ర్‌లో మరణించిన తమ పెద్దలను తలచుకొని పాడుతుండగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అక్కడకు వచ్చారు. ఒక బాలిక, ఆయనకు రేపటి సంగతి తెలుసునన్న అర్థం వచ్చే మాట కలిపింది. ఆ మాటను విడిచిపెట్టి, అంతకు ముందు పాడినదే పాడుమని ఆయన ఆదేశించారు. బుఖారీలోని ఈ హదీసులో గమనింపదగిన విషయమేమంటే, ఆయన తప్పుమాటను ఆపారు గాని దఫ్‌ను ఆపలేదు.

పండుగనాడు మస్జిదులో హబషీలు ఈటెలతో విన్యాసాలు చేయుచుండగా హజ్రత్ ఉమర్ (రజి) వారిని వారింపబోయిన సంగతి, దైవప్రవక్త (స) వారిని చేయనిమ్మని చెప్పిన సంగతి, హజ్రత్ ఆయిషా (రజి) దానిని తిలకించిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నాయి. ఏ.సీ. గార్డ్స్ సిద్దీల ఆటను, బార్కస్ కత్తి విన్యాసాన్ని పరాయి వింతలుగా చూచేవారు ఈ హదీసులను జ్ఞాపకముంచుకోవడం మంచిది.

మజ్‌హబ్‌ల భేదం కూడా ఇక్కడ పనిచేస్తున్నది. హైదరాబాదు ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు, హద్రమీలు షాఫయీలు. ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) వంటి హనఫీ పండితులు పెండ్లిలో దఫ్‌ను అనుమతించినా, దానికి గజ్జెలు ఉండరాదని, గాయకుల పద్ధతిలో వాయించరాదని నిబంధన పెట్టారు. షాఫయీలలో ఇమాం నవవీ (మరణం 1277) తన మిన్‌హాజ్‌లో పెండ్లికి, ఖత్నాకు, ఇతర సందర్భాలకు కూడా, గజ్జెలున్నప్పటికీ, దఫ్‌ను అనుమతించాడు. నడుము సన్నగా ఉండే కూబా అనే పొడుగాటి డోలును నిషేధించాడు. కాబట్టి పక్కపక్క పేటలలోని ఇద్దరు పెద్దలు ఒకే వాద్యంపై రెండు తీర్పులు చెప్పినప్పుడు, ఒకరికి ధర్మభీతి ఉన్నదని, మరొకరికి లేదని అనుకోరాదు. ఇద్దరి వెనుకా గ్రంథాలున్నాయి.

అలాగని వ్యతిరేకుల మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. వాద్యాలను మద్యంతో, వ్యభిచారంతో కలిపి హెచ్చరించిన హదీసు కూడా బుఖారీలో ఉన్నది. 1970 దశకం నుండి గల్ఫ్ దేశాలలో పనిచేసి వచ్చినవారు కొందరు ఆ హెచ్చరికను గట్టిగా పట్టుకొన్నారు. నమాజు వేళను దాటి సాగే వాయింపు, రోగులకు, విద్యార్థులకు నిద్రలేకుండా చేసే రాత్రులు, అప్పు తెచ్చి చేసే ఆడంబరం, ఎవరు ఎందుకు పిలిచినా అద్దెకు పోయే మేళాలు – వీటిని సమర్థించే ఫత్వా ఏ మజ్‌హబ్‌లోనూ దొరకదు. వాద్యం ఒకటే అయినా కాలం, స్థలం, తోడు మారినప్పుడు తీర్పు మారుతుందన్నదే గజాలీ బోధించిన సూత్రం.

చాటింపు లేని నికాహ్

వాద్యం ధర్మసమ్మతమా కాదా అన్న చర్చలో మునిగి, దఫ్ ఎందుకు అనుమతింపబడినదో మరచిపోవడం ఈ విషయంలో జరుగుతున్న పెద్ద పొరపాటు. ధర్మబద్ధమైన సంబంధానికి, నిషిద్ధ సంబంధానికి మధ్య భేదం దఫ్‌తోను, బహిరంగమైన ధ్వనితోను తెలుస్తుందన్న భావం గల హదీసును తిర్మిజీ, నసాయీ, ఇబ్నె మాజా ఉల్లేఖించారు. నికాహ్ దాచే విషయం కాదు. అది పదిమందికీ తెలియాలి. ఈ వధువుకు ఈ వరుడు, ఇంత మహర్, వీరు సాక్షులు అని పేట అంతా ఎరిగి ఉండాలి. ఆ ఎరుకే స్త్రీకి రక్ష.

చమురు సంపద పెరిగిన తరువాత హైదరాబాదు పాతబస్తీలో మరొక రకం పెండ్లి వ్యాపించింది. గల్ఫ్ దేశాల నుండి వచ్చిన వృద్ధులు దళారుల ద్వారా నిరుపేద కుటుంబాల బాలికలను పెండ్లాడి, కొద్ది రోజులకే విడిచిపెట్టిపోవడమో, తెలియని దేశానికి తీసుకొనిపోవడమో జరిగింది. 1991 ఆగస్టులో విమానంలో ఏడుస్తున్న ఒక హైదరాబాదు బాలికను విమాన పరిచారిక గుర్తించి కాపాడినప్పుడు ఈ దుర్మార్గం దేశమంతటికీ తెలిసింది. ఇటువంటి పెండ్లిలో కాగితం ఉంటుంది, సంతకం ఉంటుంది, రొక్కం ఉంటుంది. ఉండనిది చాటింపు. మూసిన తలుపుల వెనుక హడావుడిగా ముగిసే ఆ తంతుకు గల్లీ మొగలో మంట వేసి దఫ్ కాచేవారు ఎవరూ ఉండరు. పేట పెద్దలు విని ‘ఎవరి అమ్మాయి? వరుడెవరు? వయసెంత?’ అని అడిగే అవకాశం ఉండదు.

దఫ్ మ్రోగినంత మాత్రాన ప్రతి పెండ్లీ న్యాయమైనది కాబోదు. అయినా ఆ నాదం పదిమందిని గడపలోకి తెస్తుంది. ఆ పదిమంది కండ్లు పడకూడదనుకొనేవాడు ముందుగా ఆ నాదాన్నే మానుకొంటాడు. హద్రమౌత్ తెగలవారు ఇతరుల ఇంటికి పాడుతూ పోవడంలో ఉన్న నీతి ఇదే: మంచి పనికి వచ్చినవాడు చప్పుడు చేస్తూ వస్తాడు.

బార్కస్ వాసులు తమ పూర్వుల భాషను చాలావరకు కోల్పోయారు, సైన్యాన్ని కోల్పోయారు, సుల్తానులను కోల్పోయారు. వారికి మిగిలిన భేరి విషయంలో పండితులు గీసిన హద్దులను పాటించడం వాయించేవారి బాధ్యత. పేటలో అది ఎవరింట మ్రోగుతున్నదో వినడంతో పాటు, ఎవరి ఇంటి పెండ్లిలో మ్రోగలేదో, ఎందుకు మ్రోగలేదో అడిగి తెలుసుకోవడం వినేవారి బాధ్యత.