కూటమిని చీల్చిన ప్రసార హక్కులు

అమెరికాలో కళాశాల ఫుట్‌బాల్ పోటీల టీవీ ప్రసారాలపై 1984 వరకు జాతీయ కళాశాలల క్రీడా సంఘానిదే (ఎన్‌సీఏఏ) గుత్తాధిపత్యం. రెండేళ్లలో ఏ జట్టూ ఆరుసార్లకు మించి తెరపై కనిపించరాదన్నది దాని నిబంధన. ఓక్లహామా, జార్జియా విశ్వవిద్యాలయాల పక్షాన దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఆ విధానం చెల్లదని తీర్పునిచ్చింది. దాంతో బేరమాడే హక్కు కళాశాలలకు, క్రమేణా ప్రాంతీయ కూటములకు దక్కింది.

పశ్చిమ తీరంలోని పాక్-12 కూటమి 2012లో సొంత చానెళ్లు నెలకొల్పినా, డైరెక్ట్‌టీవీతో ఒప్పందం కుదరక అవి ఎన్నో ఇళ్లకు చేరనేలేదు. బిగ్ టెన్ కూటమి మాత్రం 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం కుదుర్చుకుంది. 2024 నాటికి పాక్-12లోని పది విశ్వవిద్యాలయాలు ఇతర కూటములకు తరలిపోయాయి. మిగిలినవి పుల్‌మన్, కార్వాలిస్ అనే చిన్న పట్టణాల్లోని రెండే. ఫుట్‌బాల్ కోసం కుదిరిన బేరం కాగా, వెళ్లిన కళాశాలల వాలీబాల్ క్రీడాకారిణులు సైతం పోటీల కోసం దేశం ఆ చివరి వరకు ప్రయాణించవలసి వచ్చింది.